మంటలప్పుడు మేము, కొలువులప్పుడు ఎవరు?

ఎండలు ముదిరితే పులికాట్ ఉత్తరపు భాగం బీడవుతుంది. రాయదొరువు ముఖద్వారం ఇసుకతో పూడిపోతుంటే సముద్రపు నీళ్లు యాడినుంచి వస్తాయి? పడవలు ఒడ్డెక్కుతాయి, వలలు మూలబడతాయి. సరిగ్గా అప్పుడే శేషాచలంలో బోద ఎండి అడవి అంటుకుంటుంది. ఫైర్ వాచర్లు కావాలని కబురొస్తుంది.

పోయిన వేసవిలో మా ఉద్యమ తమ్ముడొకడు ఆ పనికి చేరినాడు. సరస్సు ఒడ్డు పిల్లోడు, డిగ్రీ చదివినోడు. మొదటి కొలువు! దినకూలీ. ఆకులు ఊడ్చి ఫైర్ లైన్లు తీయాల, పచ్చికొమ్మలతో మంటను బాదాల, గాలి తిరిగితే పరుగెత్తాల. తొలివాన పడగానే ఇంక పొమ్మన్నారు. వచ్చే వేసవికి మళ్లా అదే మొదటి కొలువు.

2014 మార్చిలో తిరుమల అడవి తగలబడితే వైమానిక దళం హెలికాప్టర్లు నీళ్లు కుమ్మరించినాయి. దేశమంతా టీవీల్లో చూసింది. కింద పొగలో కొమ్మ పట్టుకున్నోడిని ఎవరు చూసినారు?

2010లో శేషాచలాన్ని జీవావరణ రిజర్వు అన్నారు. 2022 ఏప్రిల్‌లో పులికాట్ తీరాన్ని నెల్లూరు నుంచి తీసి తిరుపతి జిల్లాలో కలిపినారు. బోర్డులు మార్చడంలో మన పాలకులను మించినోళ్లు లేరు లెండి! 1937 శ్రీబాగ్ ఒడంబడిక నాటినుంచి సీమకు దక్కింది కాగితాలే.

మేము భిక్ష అడగడంలేదు. మంటలార్పిన ప్రతి రోజునూ సర్వీసుగా లెక్కగట్టండి. అటవీ బీట్ ఉద్యోగాల్లో దానికి వెయిటేజీ ఇవ్వండి. చలికాలం ఫ్లెమింగోల కాపలాకు, వేసవిలో అడవి కాపలాకు ఆ కుర్రోళ్లనే ఏడాది పొడుగునా పెట్టుకోండి. నిప్పులోకి పంపేటప్పుడు బీమా రాసి, కాళ్లకు బూట్లిచ్చి పంపండి. ఇంతమాత్రం దానికి కూడా సొంత రాష్ట్రం కావాలంటే, అదే తెచ్చుకుంటాం.

ఫిబ్రవరిలోగా ఉత్తర్వు రావాల. రాకుంటే సూళ్లూరుపేట రోడ్డుమీద కలుస్తాం.