ధాతువు వెళ్లిపోయింది... చైత్యం కొండెక్కింది!

మాచర్లలో రైలు దిగి బస్సెక్కితే విజయపురి సౌత్ దాదాపు పాతిక కిలోమీటర్లు. అక్కడి నుంచి లాంచీలో సాగర్ నీళ్ల మీదుగా వెళ్తే నాగార్జునకొండ. ఇంటిల్లిపాదికీ మంచి పిక్నిక్కే! కానీ పదిహేడు వందల ఏళ్ల కిందట ఇదో పుణ్యక్షేత్రం. సింహళ భిక్షువుల కోసం ప్రత్యేకంగా విహారమే ఉండేదిక్కడ.

మహనీయుల ఎముక, దంతం లాంటి అవశేషాలను బౌద్ధులు 'ధాతువు' అంటారు. ఇక్ష్వాకుల రాజధాని విజయపురిలోని మహాచైత్యం బుద్ధుడి ధాతువు ఉన్నదని శాసనాలు చెబుతున్నాయి. వీరపురుషదత్తుడి ఆరో పాలనా సంవత్సరంలో దాన్ని పూర్తిచేయించింది ఓ మహిళ... రాజుగారి మేనత్త చాంతిసిరి. పునాది బండిచక్రంలా ఉంటుంది. మధ్యలో కుండ, చుట్టూ ఆకులు, ఆకుల మధ్య మట్టి నింపిన గదులు.

1927-31 మధ్య తవ్వకాలు జరిపిన లాంగ్‌హర్‌స్ట్‌కు అలాంటి ఓ గదిలోనే నిధి దొరికింది. స్తూపం ఆకారంలో చిన్న వెండి భరిణె, అందులో బంగారు భరిణె, దాన్లో చిన్న ఎముక ముక్క! అది ఇప్పుడిక్కడ లేదు. 1932లో సారనాథ్‌లోని మూలగంధకుటి విహారానికి చేరింది.

ఫ్రాన్స్‌లో తులూజ్ నగరంలోని సెయింట్ సెర్నిన్ చర్చిలోనూ పునీతుల అవశేషాల చుట్టూ యాత్రికులు నడిచేందుకు ప్రత్యేకమైన దారి ఉంది. మన ప్రదక్షిణ లాంటిదే. అక్కడ అవశేషాలు గుడిలోనే ఉన్నాయి. ఇక్కడ ధాతువు వెళ్లిపోయింది, ఆ తర్వాత చోటూ మునిగిపోయింది. 1955లో సాగర్ ఆనకట్టకు శంకుస్థాపన జరగడంతో లోయ మునగక తప్పలేదు. పల్నాడు పొలాలకు నీళ్లిచ్చిన ప్రాజెక్టు విజయపురిని తనలో కలిపేసుకుంది.

అందుకే 1954-60 మధ్య పురావస్తు శాఖ లోయంతా తవ్వింది. ముఖ్యమైన కట్టడాలను రాయి రాయి విప్పి కొండమీదా, ఒడ్డున అనుపులోనూ మళ్లీ కట్టింది. ఈనాడు కొండపైన కనిపించే మహాచైత్యం అలా పైకొచ్చిందే. అంటే యాత్రికులు ప్రదక్షిణ చేసిన అసలు నేల లాంచీ కింద ఎక్కడో ఉందన్నమాట!

మరి ధాతువు లేని చైత్యాన్ని చూడ్డమెందుకు? మ్యూజియంలోని సున్నపురాతి శిల్పాల ముందు కాసేపు నిలబడితే జవాబు దొరుకుతుంది. స్తూపానికి చేతులు జోడించిన స్త్రీలూ పురుషులూ అందులో ఇప్పటికీ అలాగే ఉన్నారు. ధాతువు తరలిపోయినా వాళ్ల భక్తి ఇక్కడే ఉండిపోయింది.

వెళ్లేవాళ్లకో మాట... మ్యూజియానికి శుక్రవారం సెలవు. లాంచీలు తిరుగుతున్నాయో లేదో ముందే కనుక్కోవాలి. పిల్లలతో వెళ్తే మాత్రం లాంచీ ఎక్కగానే ఈ కథ చెప్పండి. నీళ్లవంక చూసే చూపే మారిపోతుంది.