యజమానిని వదిలిన దయ్యం

2023 డిసెంబర్ 1న అమెజాన్ ప్రైమ్ వీడియోలో ఎనిమిది భాగాలూ ఒకేసారి విడుదలైన "దూత" ధారావాహికను మన అభ్యుదయ శిబిరంలోనే కొందరు మిత్రులు మెచ్చుకుంటూ వచ్చారు. అవినీతిపరుడైన పాత్రికేయుణ్ణి బోనెక్కించింది గనుక అది ప్రగతిశీల రచన అని వారి వాదం. నాగార్జునసాగర్‌లో నా దగ్గర చదువుకునే విద్యార్థులు కూడా ఇదే మాట అంటున్నారు. ఈ వాదం నిలవదని నా అభిప్రాయం. ఒక కథ ఎవరిని తిట్టిందన్నది చూసి దాని స్వభావాన్ని నిర్ణయించలేము. ఎవరిని తిట్టకుండా వదిలిందో కూడా చూడాలి.

ముందుగా న్యాయంగా చెప్పవలసినది చెబుతాను. విక్రమ్ కుమార్ పనితనం తెలిసిన దర్శకుడు. విశాఖపట్నం నేపథ్యంలో ఎడతెగని వాన, చీకటి, తడిసిన కాగితాలు, వీటితో ఆయన భయాన్ని పొరలు పొరలుగా పేర్చాడు. ప్రతి భాగమూ తర్వాతి భాగాన్ని చూసి తీరవలసిన చోటనే ఆగుతుంది. నాగచైతన్య నటించిన సాగర్ అనే సంపాదకుడు ధీరోదాత్తుడు కాడు. పదవి కోసం, సుఖం కోసం వృత్తిని అమ్ముకున్నవాడు. ప్రముఖ కథానాయకుడు అటువంటి పాత్ర ధరించడం మంచిదే. పార్వతి తిరువోతు పోలీసు అధికారిణిగా గంభీరంగా నటించింది. చూసినవారు రెప్పవేయకుండా చూశామని చెబితే నేను నమ్ముతాను. నేనూ అలాగే చూశాను.

అయితే ఆ ఉత్కంఠ మనల్ని ఎక్కడికి తీసుకుపోయింది? అదీ ప్రశ్న. చిత్తుకాగితపు ముక్కలలో అచ్చయిన కీడు నిజమవుతూ ఉంటుంది. ఎందుకు నిజమవుతున్నదని వెతుక్కుంటూ పోగా, వెనుకటి తరంలో "దూత" అనే పత్రిక, సత్యమూర్తి అనే నిజాయితీ గల సంపాదకుడు, ఆయనకు జరిగిన ఘోరం బయటపడతాయి. అవినీతి పాత్రికేయులపై ప్రతీకారం తీర్చుకుంటున్నది మానవాతీత శక్తి అని తేలుతుంది. ఈ దర్శకుడికి ఈ ఎత్తుగడ కొత్తది కాదు. 2009లో ఆయన తీసిన "13 బి"లో ఒక కుటుంబానికి జరగబోయేదాన్ని టెలివిజన్ సీరియల్ ముందుగా చూపిస్తుంది. అక్కడ టెలివిజన్, ఇక్కడ వార్తాపత్రిక. సాధనం మారింది గాని సూత్రం మారలేదు.

టెలివిజన్‌ను దయ్యం ఆవహిస్తే అది వట్టి కాలక్షేపం. వార్తాపత్రిక సంగతి వేరు. పత్రిక ఎందుకు అబద్ధం రాస్తుందన్నది ప్రజాజీవితానికి సంబంధించిన ప్రశ్న. "దూత" ఆ ప్రశ్న వేసి, డబ్బుకు ఆశపడిన సంపాదకుడు చెడ్డవాడు గనుక అని జవాబు చెప్పింది. మరి పత్రికకు యజమాని ఎవరు? ప్రకటనలిచ్చేది ఎవరు? సంపాదకుడు రేపు నిజాయితీపరుడైపోతే ఎల్లుండి ఆ కుర్చీలో ఉంటాడా? వీటి జోలికి దయ్యం పోదు. అది జీతగాణ్ణే పట్టుకుంది.

ఈ ధారావాహికను చూపించిన సంస్థ సంగతే చూడండి. అమెజాన్ స్థాపకుడు జెఫ్ బెజోస్ 2013లో వాషింగ్టన్ పోస్ట్ పత్రికను 25 కోట్ల డాలర్లకు కొన్నాడు. 2024 అక్టోబర్‌లో అమెరికా అధ్యక్ష ఎన్నికకు కొద్ది రోజుల ముందు, ఏ అభ్యర్థికీ మద్దతు ప్రకటించరాదని ఆ పత్రిక నిర్ణయించింది. 2025 ఫిబ్రవరిలో, ఇకమీదట అభిప్రాయాల పేజీలు వ్యక్తి స్వేచ్ఛను, స్వేచ్ఛా విపణిని సమర్థించాలని యజమాని శాసించాడు. ఆ పేజీల సంపాదకుడు రాజీనామా చేశాడు. ఇందులో ఎవరూ లంచం పుచ్చుకోలేదు. చాటుమాటు వ్యవహారమూ లేదు. సొంతదారు తన సొత్తును తన ఇష్టప్రకారం వాడుకున్నాడు, అంతే. మన దేశంలో 2022లో ఎన్డీటీవీ అదానీ వర్గం చేతికి వచ్చింది కూడా బహిరంగంగా, వాటాల కొనుగోలు ద్వారానే గదా! తెలుగునాట ఏ పత్రిక ఏ పార్టీ వైపు మాట్లాడుతుందో టీ కొట్టు దగ్గర కూర్చున్నవానికి కూడా తెలుసు. ఇంత బాహాటమైన విషయాన్ని గూఢ రహస్యంగా మార్చి, దాని గుట్టు విప్పడానికి ప్రేతాన్ని పిలవడం దేనికి?

సత్యమూర్తి కల్పిత పాత్ర. మన నేలమీద నిజంగానే ఒక సంపాదకుణ్ణి చంపారు. "ఇమ్రోజ్" ఉర్దూ దినపత్రిక సంపాదకుడు షోయబుల్లాఖాన్ రజాకార్లను ఎదిరించి, హైదరాబాదు సంస్థానం భారత యూనియన్‌లో చేరాలని రాశాడు. 1948 ఆగస్టులో హైదరాబాదు వీధిలో ఆయనపై దాడి చేసి, రాసిన చేతిని నరికి, ప్రాణం తీశారు. ఆయన కోసం ఏ ఆత్మా వచ్చి పగ తీర్చలేదు. ఆయన ఎదిరించిన పాలనను నల్గొండ, వరంగల్ పల్లెల రైతుకూలీలు అప్పటికే గుత్పలతో, వడిసెలలతో, తుపాకులతో ఎదుర్కొంటున్నారు. చరిత్రలో ప్రతీకారం అనేది ఉంటే అది ఈ రూపంలోనే ఉంటుంది.

దయ్యం ప్రతీక మాత్రమే, జానపద కథలలో లేవా దయ్యాలు అని మిత్రులు అడగవచ్చు. ఉన్నాయి. షేక్స్పియర్ నాటకంలో కూడా హామ్లెట్ తండ్రి ప్రేతం ఉంది. కాని అది ఫిర్యాదు చేస్తుంది, శిక్ష విధించదు. ప్రేతం మాట నమ్మదగినదా అని హామ్లెట్ సందేహించి, నాటకం ఆడించి, రాజు ముఖంలో రుజువు వెతుక్కుంటాడు. విచారణ, నిర్ణయం, చర్య అన్నీ మనిషివే. "దూత"లో పోలీసు అధికారిణి సేకరించిన ఆధారాలు చివరకు అతీత శక్తి గుమ్మం ముందు ఆగిపోతాయి. మనిషి బుద్ధి అక్కడ ప్రేక్షక పాత్ర వహిస్తుంది.

ఇదొక పాత జబ్బు. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్ సాహిత్యపు మేడ ఎక్కకపోయినా, నేరానికి కారణం మనుషులలోనే వెతికాడు. తర్వాత యండమూరి "తులసిదళం" వచ్చి చేతబడిని వారపత్రిక పాఠకుల ఇంటింటికీ చేర్చింది. అప్పుడు రంగనాయకమ్మ దానిని "గంజాయి దమ్ము" అని పుస్తకం రాసి మరీ ఖండించింది. ఆనాటి కన్నా నేటి దమ్ము ఘాటైనది, పొట్లం అందమైనది. అందుచేత ఖండన అవసరం తగ్గలేదు, పెరిగింది.

అయితే ఉత్కంఠను విడిచిపెట్టమని నేను అనను. మా జిల్లాలో జరిగినదానికి మించిన ఉత్కంఠ ఏముంది? ఊళ్లలో పిల్లల పళ్లు పసుపెక్కాయి, కాళ్లు వంకరపోయాయి, నడివయసులోనే వెన్ను బిగుసుకుపోయింది. హంతకుడు కనిపించడు. నెల్లూరు జిల్లాలో ఇటువంటి రోగులను పరీక్షించిన వైద్యులు 1937లో ఆ ఎముకల వ్యాధిని లోకానికి వెల్లడించారు. దోషి తాగే నీటిలోని ఫ్లోరైడ్. దోషి దొరికాక కూడా శిక్ష అమలు కాలేదు. 1967 నుంచి సాగర్ కాలువల నీరు మిర్యాలగూడ, కోదాడ పొలాలకు పారింది. అదే జిల్లాలోని మర్రిగూడ, మునుగోడు మాత్రం విషపు బోరునీరే తాగాయి. 1996 లోక్‌సభ ఎన్నికలలో నల్గొండ స్థానానికి 480 మంది పోటీ చేసి, బ్యాలెట్ కాగితాన్నే పుస్తకంగా మార్చి, నీళ్లేవని దేశాన్ని అడిగారు. ఈ కథలో రహస్యం ఉంది, శోధన ఉంది, మలుపులున్నాయి. దయ్యం అక్కరలేదు.

ఇటువంటి కథకు పెట్టుబడి పెట్టేవారు దొరకరని అంటారు. దొరకకపోవచ్చు. అది కూడా ఎందుకని అడగవలసిన ప్రశ్నే. రాసేవారు మాత్రం కరువు కారాదు. అధ్యాపక మిత్రులకు నా మనవి ఇది: విద్యార్థులను "దూత" చూడవద్దని ఆపకండి. చూసిన తర్వాత, ఆ పత్రిక యజమాని ఎక్కడికి పోయాడని వారిని అడగండి.