వేషం కట్టిన అక్షరాలు



పగటివేషాలు చూసిన పెద్దలు మీ ఇంట్లో ఎవరో ఒకరు వుండే వుంటారు. రాముడి వేషం కట్టినవాడు కిరీటం తీసేస్తే మామూలు మనిషే గదా! ఒకప్పుడు కంప్యూటరులో మన తెలుగు అక్షరాలు కూడా ఇలాగే వేషం కట్టుకుని తిరిగేవి. ఆ సంగతి నాకు ఒక పరాభవం వల్ల తెలిసింది.

అది 2005వ సంవత్సరం. పటాన్‌చెరు దగ్గర ఒక బడిలో పాఠాలు చెబుతుండేవాణ్ణి. మా పిల్లల తండ్రులు చాలామంది ఫ్యాక్టరీలలో షిఫ్టుల మీద పనిచేసేవారు. మంజీర నదిని గురించి పాఠం ఒకటి రెండు రాత్రులు కూర్చుని ఇంటి కంప్యూటరులో తెలుగులో కొట్టి, బడికి పట్టుకుపోయాను. పిల్లలందరూ చుట్టూ మూగారు. బ్రౌజరులో తెరిచి చూద్దును గదా, మంజీర లేదు! ఇంగ్లీషు అక్షరాలూ, చుక్కలూ, కొక్కేలూ కలగాపులగంగా కనిపించాయి.

ఏడవ తరగతి అమ్మాయి ఒకతె తల వంచుకుని, "నాకు ఇంగ్లీషు మంచిగ రాదు సార్, అందుకే చదవొస్తలేదు," అన్నది.

తప్పు ఆ పిల్లది కాదని నాకు తెలుసు. కాని ఎక్కడున్నదో చెప్పలేకపోయాను. ఆ జవాబు ఇప్పుడు మీకు చెబుతాను.

బ్రౌజరు అంటే దూరాన వున్న కంప్యూటరు నుంచి పుటను తెప్పించి మన తెర మీద పరిచే పనిముట్టు. పుటలోని అక్షరాలు అక్షరాలుగా ప్రయాణం చెయ్యవు, అంకెలుగా వస్తాయి. ఏ అంకెకు ఏ అక్షరం గీయాలో చూసి తెర మీద గీయాలి. ఆ గీతల అచ్చులు వుండే పెట్టె పేరే ఫాంటు.

మొదటి బ్రౌజరును 1990లో టిమ్ బెర్నర్స్-లీ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు స్విట్జర్లాండులోని సెర్న్ పరిశోధనశాలలో తయారుచేశాడు. 1993లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం నుంచి మోజాయిక్ వచ్చింది. అక్షరాల పక్కనే బొమ్మలు కూడా చూపడంతో జనం దాన్ని ఇష్టపడ్డారు. 1994లో నెట్‌స్కేప్, 1995లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ వచ్చాయి. ఆ 1995 ఆగస్టు 15నే మన దేశంలో ఇంటర్నెట్ ప్రజలకు అందింది. తరువాత 2004లో ఫైర్‌ఫాక్స్, 2008లో క్రోమ్ పుట్టాయి.

తొలినాళ్ళలో ఈ యంత్రాలకు తెలుగు రాదు. అందుచేత మనవాళ్ళు ఒక ఉపాయం పన్నారు. ఇంగ్లీషు పెద్దబడి 'ఏ' అక్షరానికి అంకె 65. ఆ 65 వచ్చినచోట 'ఏ'కి బదులు తెలుగు అక్షరపు ముక్క గీసే ఫాంట్లు చేశారు. తెర మీద తెలుగే కనిపిస్తుంది. లోపల వున్నది మాత్రం ఇంగ్లీషు 'ఏ'! ఫాంటు లేని కంప్యూటరులో కిరీటం ఊడిపోయి అసలు రూపం బయటపడుతుంది. మా బడిలో జరిగింది ఇదే. పైగా ఒక్కొక్క ఫాంటుది ఒక్కొక్క లెక్క. అటువంటి ఫాంటును పుటతోపాటే తెచ్చుకునే ఏర్పాటు ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరుకు వుండేది. ఫైర్‌ఫాక్సుకు ఆ పద్ధతి పనికిరాలేదు. ఒకదానిలో చక్కగా చదివిన తెలుగు పత్రిక మరొకదానిలో పిచ్చిగీతలయ్యేది.

దీనికి మందు యూనికోడ్. 1991లో వచ్చిన దాని మొదటి కూర్పులోనే తెలుగుకు సొంత చోటు దొరికింది. 'అ' అంకె 3077, 'క' అంకె 3093. ప్రపంచంలో మరే అక్షరానికీ ఆ అంకెలు వుండవు. అయితే అంకె ఇస్తే సరిపోదు. 'క్ష' వ్రాయాలంటే 3093, 3149, 3127 అని మూడు అంకెలు వస్తాయి: క, పొల్లు, ష. ఆ మూడింటినీ కలిపి ఒత్తుగా గీయడం కంప్యూటరు నేర్చుకోవాలి. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో ఆ ఏర్పాటూ, గౌతమి అనే తెలుగు ఫాంటూ వున్నాయి. పాత వేషాల పుటలను యూనికోడ్‌లోకి మార్చి చూపడానికి నాగార్జున వెన్న అనే తెలుగాయన ఫైర్‌ఫాక్సుకు 'పద్మ' అనే చేర్పును తయారుచేశారు.

మీరు ఒక పని చేసి చూడండి. మీ ఊరిని గురించిన తెలుగు పుట ఏదైనా బ్రౌజరులో తెరవండి. కంట్రోల్ మీట నొక్కిపట్టి ఎఫ్ మీట నొక్కండి. వచ్చిన గడిలో మీ ఊరి పేరు తెలుగులో కొట్టండి. ఆ పేరు ఎన్నిచోట్ల వున్నదో బ్రౌజరు చూపిస్తుంది. వేషం కట్టిన అక్షరాల కాలంలో ఇలా వెతికితే దొరికేది కాదు. ఎందుకో ఇప్పుడు మీరే చెప్పగలరు!

ఆ అమ్మాయి సంగతి చెప్పలేదు గదూ? మరునాడు అదే పాఠం నల్లబల్ల మీద సుద్దముక్కతో వ్రాశాను. ఆమె లేచి గడగడా చదివేసింది.

కనుక బాలలూ, ఏదైనా అర్థం కానప్పుడు వెంటనే "నాకు రాదు" అనుకోకండి. లోపం నాలో వున్నదా, ఎదుట వున్న వస్తువులో వున్నదా అని ముందు అడగండి. తల్లిదండ్రులకు కూడా నా మనవి ఇదే. పిల్లవాడు చదవలేకపోతే కోప్పడేముందు ఒకసారి మీరూ తెర వంక చూడండి.