థెరపీకి తీసుకెళ్లే ముందు బిడ్డకు చెప్పండి

జంగారెడ్డిగూడెం, చుట్టుపక్కల మండలాల తల్లిదండ్రులకు, మాస్టార్లకు, అంగన్‌వాడీ టీచర్లకు విన్నపం.

చొక్కా గుండీ పెట్టుకోలేని బాబు, అన్నం ముద్ద నోటిదాకా తెచ్చుకోలేని పాప, పెన్సిల్ పట్టుకోగానే వేళ్లు లాగేస్తున్నాయని ఏడ్చేవాడు, మిక్సీ మోతకు చెవులు మూసుకుని పరిగెత్తే పిల్ల మన వీధుల్లోనే ఉన్నారు. వీళ్లది బద్ధకమూ కాదు, మొండితనమూ కాదు. సెరిబ్రల్ పాల్సీ కానివ్వండి, ఆటిజం కానివ్వండి, రోజువారీ పనులు బిడ్డ తనంతట తాను చేసుకునేలా సాధన చేయించేవారే ఆక్యుపేషనల్ థెరపిస్టులు. మన దేశంలో ఈ చదువు 1950లోనే బొంబాయి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో మొదలైంది. మన దగ్గర చాలా ఇళ్లకు ఇప్పటికీ ఆ పేరే తెలియదు.

పెద్దలకు తెలిసిన ఇళ్లలోనూ బిడ్డకు మాత్రం ఎవరూ చెప్పడం లేదు. "డాక్టరు దగ్గరికి పద" అని బండెక్కిస్తాం. "అల్లరి చేస్తే అక్కడ వదిలేస్తా" అని బెదిరిస్తాం. సూది పొడుస్తారేమోనని బిడ్డ బిగుసుకుపోతుంది, తానేదో తప్పు చేశానని కుమిలిపోతుంది. మాత్రయితే బెల్లంలో పెట్టి మింగించినా పనిచేస్తుంది. థెరపీలో వేళ్లు కదపాల్సింది ఆ బిడ్డే, ఇంటి దగ్గర రోజూ చేయాల్సిందీ ఆ బిడ్డే. ఎందుకో తెలియని పనిని ఎవరు మనసుపెట్టి చేస్తారు?

ఇలా చెప్పండి: "అక్కడ సూదులుండవమ్మా. బంకమన్ను పిసకొచ్చు, పూసలు గుచ్చొచ్చు, ఉయ్యాల ఊగొచ్చు. వాటితో నీ వేళ్లకు పట్టొస్తుంది. నీకే పని రావాలనుందో థెరపీ అక్కకు నువ్వే చెప్పు." ఈ చివరి మాట మరవకండి. అమ్మకు గుండీలు ముఖ్యం కావచ్చు, వాడికి గోలీ గురిచూసి కొట్టడం కావాలేమో. అక్కణ్ణుంచే మొదలుపెట్టనివ్వండి. మాటలు రాని పిల్లలకు బొమ్మలు చూపించి చెప్పొచ్చు. తరగతిలో మిగతా పిల్లలకూ మాస్టారు ఒకసారి వివరిస్తే వెక్కిరింతలు తగ్గుతాయి.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పుట్టిన బిడ్డ నుంచి పద్దెనిమిదేళ్ల వరకు పరీక్షలు చేసి, అవసరమైనవారిని జిల్లా కేంద్రానికి పంపమంటోంది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం పునరావాస సేవల బాధ్యతను ప్రభుత్వంపై పెట్టింది. కానీ కూలి పోగొట్టుకుని, బిడ్డను చంకనేసుకుని బుట్టాయగూడెం నుంచి జిల్లా కేంద్రమైన ఏలూరు దాకా వారం వారం ఎవరు వెళ్లగలరు? జంగారెడ్డిగూడెం ఏరియా ఆసుపత్రిలోగాని, ప్రత్యేక అవసరాలున్న పిల్లల భవిత కేంద్రంలోగాని వారానికో రోజు ఆక్యుపేషనల్ థెరపిస్టు కూర్చోవాలి. మొదటి రోజు బిడ్డతోనే మాట్లాడి వివరించడం వారి విధుల్లో రాసి ఉండాలి. సోమవారం ఆర్డీవో కార్యాలయానికి అర్జీ పట్టుకుని రండి. మీ బిడ్డకు ఏ పని కష్టంగా ఉందో, తను ఏం నేర్చుకోవాలనుకుంటోందో తననే అడిగి అందులో రాయండి.