బొక్కల్లోనూ బర్కత్ ఉంది

బక్రీద్ అయిన మూడో రోజుకి ఫ్రిజ్‌లో మిగిలేవి బొక్కలే. వాటిని కవర్లో కట్టి చెత్తబండికి ఇచ్చేస్తున్నాం. ఖుర్బానీ జానవర్ విషయంలో ఇది ఇస్రాఫ్ కాదా?

మా అమ్మీ పారేసేది కాదు. బొక్కల్లో అల్లం, వెల్లుల్లి, ఉల్లిగడ్డ, మిరియాలు, షాజీరా వేసి సన్నసెగ మీద మూడు గంటలు ఉడికించేది. వడకట్టి, నిమ్మరసం పిండితే యఖ్నీ తయార్. షోర్బా వండితే నీళ్లు ఎక్కువ పోసి పడోసీలకూ పంపమని హజ్రత్ అబూజర్(రజి)కు ప్రవక్త(స) నసీహత్ చేశారు. సహీహ్ ముస్లింలో ఉంది.

ఇంకో మాట. గరీబుల హిస్సాలో బొక్కలు నింపి, మెత్తటి గోష్త్ మనం దాచుకునే ఇళ్లున్నాయి. ఈసారి తిరగేద్దాం. మంచి గోష్త్ వాళ్లకిద్దాం, బొక్కలు మనం ఉంచుకుందాం. యఖ్నీ చేయడం మనకు వచ్చుగా!