క్షేత్ర పరిశీలనకు సైకిలు వేగం

ఆంగ్ల వ్యవసాయ రచయిత ఆర్థర్ యంగ్ 1787-89 మధ్య ఫ్రాన్స్ పల్లెలలో ఎక్కువగా గుర్రంపై పర్యటించి, నేలలను, పంటలను, కౌలు పద్ధతులను గ్రంథస్థం చేశాడు. నేడు అటువంటి పరిశీలనకు సైకిలే తగిన సాధనం.

బర్గండీ ప్రాంతంలో బోన్ నుండి సాంతనే వరకు సుమారు 20 కిలోమీటర్ల సైకిలు మార్గం ద్రాక్షతోటల మధ్యగా సాగుతుంది. 'క్లిమా' అనే అక్కడి చిన్న ద్రాక్ష క్షేత్రాలలో ప్రతిదానికీ ఒక పేరున్నది. వీటిని 2015లో యునెస్కో ప్రపంచ వారసత్వంగా గుర్తించింది. కొద్ది దూరంలోనే నేల లోతు, వాలు మారి, వైన్ రుచి కూడా మారుతుంది. కారులో వెళ్ళేవారికి అదంతా ఒకే పచ్చదనం. సైకిలు తొక్కేవారికి వాలు కాళ్ళకే తెలుస్తుంది; రైతు కనిపిస్తే ఆగి మాట్లాడవచ్చు.

విస్తరణ విద్యార్థుల క్షేత్ర పర్యటనలలో సందర్శించిన గ్రామాల సంఖ్యకన్న ఆగిన పొలాల సంఖ్యకే విలువ నివ్వాలి.