పరిశోధనకు లేని గోడలు మన సహాయమునకేల?

ప్రతి ఏటను పరీక్షా ఫలితములు వెలువడగానే మన సంఘముల ముందునకు ఒకే ప్రశ్న వచ్చుచుండును. ఏ చదువునకు సహాయము చేయవలెను? సమాధానము కూడ ఏటేట ఒక్కటే. ఇంజనీరింగునకు, వైద్యమునకు, ఈ కాలమున కంప్యూటరు విద్యకు. భాషాశాస్త్రము చదువుదునను బాలికను, జంతుశాస్త్రము చదువుదునను బాలుని చూచి, "దాని వలన ఏమి వచ్చును?" అని పెద్దలు పెదవి విరుతురు. దరఖాస్తు అంతటితో అడుగున పడును. ఈ పద్ధతి మారవలెనని మా అభిప్రాయము.

మేము వర్తకులము. మెట్రిక్యులేషనుతో చదువు చాలించి అంగడిలో కూర్చున్నవారము. పరిశోధనాలయముల లోపలి సంగతి మాకేమి తెలియునని ఎవరైన అడుగవచ్చును. కాని చిట్టాలో బియ్యము ఒక చోటను, బెల్లము ఒక చోటను వ్రాసినను, తుదకు లాభనష్టములు తేల్చునది ఒక్క ఆవర్జాయే అని వర్తకునికి తెలియును. విద్యయందును శాఖలు వేరువేరుగా కనుపించుచున్నవి గాని, వాని లెక్క ఒక్క చోటనే తేలుచున్నది. ఇందుకు మన వంటింటి నుండియే ఒక నిదర్శనమును చూపెదము.

మనము రోలు అందుము. తమిళనాడులో మన పొరుగువారు ఉరల్ అందురు. హోసూరు దాటి ఆనేకల్ వైపు పోయినచో కన్నడిగులు ఒరళు అందురు. మనము రెండు అనగా వారిలో ఒకరు ఇరండు, మరియొకరు ఎరడు అందురు. మనము లేత అనుదానిని వారు ఇళ, ఎళె అనుచున్నారు. తరతరములుగా రెండు మూడు భాషల నడుమ బ్రతుకుచున్న మనకు ఈ పోలిక క్రొత్త కాదు. చిన్నపిల్లలు సైతము దీనిని గమనించి నవ్వుకొందురు. అయినను ఇందులో ఒక నియమము కలదు. మాట మొదటనుండిన అచ్చు వెనుకకు జరుగగా, దాని తరువాతి హల్లు ముందునకు వచ్చినది. ఇతర ద్రావిడ భాషలలో సాధారణముగా మాటకు మొదట రాని ర, ల వంటి అక్షరములు తెలుగులో మాట మొదటికి వచ్చుటకు ఇదియొక ముఖ్య కారణము.

ఈ మార్పు తెలుగునకు మాత్రమే పరిమితము కాదు. ఒడిశా కొండలలోని కుయి, కువి, పెంగో, మండ భాషలలోను, గోండి, కొండ భాషలలోను ఇది కనుపించును. బరంపురము, కొరాపుట్, రాయగడ ప్రాంతముల మన కుటుంబములవారు సంతలలో ప్రతి వారము వినుచున్న భాషలు వీనిలో కొన్ని. ఒంగోలులో 1928లో జన్మించిన భద్రిరాజు కృష్ణమూర్తిగారు ఈ భాషలను జీవితాంతము శోధించిరి. ఒక మార్పు భాషలోని మాటలన్నిటికిని ఒకేసారి సోకదనియు, కొన్ని మాటలు ముందుగా మారగా కొన్ని మారక నిలిచియుండుననియు వారు చూపిరి. మారక నిలిచిన మాటలను లెక్కించినచో ఏ భాష ఏ భాషకు దగ్గరి చుట్టమో తేల్చవచ్చునని వారి ఆలోచన.

లెక్కించుట యన్నంత సులభము కాదు. ఆరు భాషలను రెండేసి కొమ్మలుగా చీలు వంశవృక్షముగా అమర్చుటకు 945 మార్గములు కలవు. ఇన్నిటిని ఒక్కొక్కటిగా పరీక్షించి సరియైనదానిని ఎన్నుట కాగితము మీద తేలెడి పని కాదు. కావున కృష్ణమూర్తిగారు లింకన్ మోజెస్ అను గణాంకశాస్త్రజ్ఞునితోను, డగ్లస్ డాన్‌ఫర్త్ అను మరియొక పరిశోధకునితోను కలిసి కంప్యూటరు సహాయమున ఆ పని నెరవేర్చి, 1983లో అమెరికా భాషాశాస్త్ర పత్రికయైన లాంగ్వేజ్‌లో ప్రకటించిరి. ఒక భాషావేత్తకు గణాంకము అక్కరకు వచ్చినది. గణాంకమునకు యంత్రము అక్కరకు వచ్చినది. ఆ ముగ్గురిలో ఒక్కరికైనను "నీ చదువు వలన ఏమి వచ్చును?" అని ఎవరైన ఆనాడు అడ్డుతగిలియుండినచో ఆ పని జరిగియుండెడిది కాదు.

2018లో మరియొక అడుగు పడినది. విష్ణుప్రియ కోలిపాకంగారు, ఐరోపా తదితర దేశముల పరిశోధకులు కలిసి ఇరువది ద్రావిడ భాషలను పరిశీలించి, ఈ భాషా కుటుంబము వయస్సు సుమారు 4,500 ఏండ్లని అంచనా కట్టిరి. లండనులోని రాయల్ సొసైటీ వారి పత్రికలో అది అచ్చయినది. ఇరువది భాషలకు సాధ్యమగు వంశవృక్షముల సంఖ్య 8 వ్రాసి దాని ప్రక్కన 21 సున్నలు చేర్చినను చాలనంతటిది. కంప్యూటరు లేనిదే ఆ దారి త్రొక్కుటకే వీలులేదు. అంతకన్న విశేషము, వారు వాడిన లెక్క పుట్టినది భాషాశాస్త్రములో కాదు. జీవజాతులు ఒకదాని నుండి ఒకటి ఎట్లు చీలివచ్చెనో తెలిసికొనుటకు జీవశాస్త్రజ్ఞులు ఏర్పరచుకొన్నది. విష్ణుప్రియగారు ఆనాడు పనిచేయుచుండినది డెహరాడూనులోని వన్యప్రాణి పరిశోధన సంస్థలో. జంతువుల శాస్త్రము చదివినవారు మన భాష వయస్సు చెప్పగలిగిరి! భాషా శాఖలలో ఏది ముందు చీలినది, ఏది పిదప చీలినది అను విషయమున ఇంకను శోధించవలసినది ఎంతో యున్నది. దానిని శోధించువారు మన పిల్లలు ఏల కారాదు?

రాష్ట్రము వెలుపల పుట్టిన మనవారికి ఇట్టివి సాధ్యము కావని శంకించువారికి ఒక్క పేరు చాలును. కల్యంపూడి రాధాకృష్ణారావుగారు 1920లో హడగలిలో, తెలుగు కుటుంబమున జన్మించిరి. ఆనాడు మద్రాసు రాజధానిలో ఉండిన ఆ యూరు నేడు కర్ణాటకములో నున్నది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితమును, కలకత్తాలో గణాంకమును చదివిరి. ఇరువదియైదేండ్ల ప్రాయమున, 1945లో, ప్రపంచమంతయు నేటికిని చెప్పుకొను సిద్ధాంతమును ప్రకటించిరి. ఏ అంచనాలోనైనను కొంత పొరపాటు తప్పదు గదా; ఆ పొరపాటు ఏ హద్దునకు దిగువకు పోజాలదో వారు లెక్కగట్టి చూపిరి. మరుసటి యేట కేంబ్రిడ్జి మ్యూజియమునకు పోయి వారు చేసిన పని యేమనుకొన్నారు? సూడాను దేశములోని జెబెల్ మోయాలో త్రవ్వి తీసిన పురాతన మానవుల ఎముకల కొలతలను విశ్లేషించుట. గణితము చదివినవారు మానవశాస్త్రమునకు వెలుగు చూపిరి. 2023లో అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమానము వారిని వరించినది. ఆ యేడే వారు కన్నుమూసిరి.

ఇక కంప్యూటరు విద్య ఒక్కటియే చాలునను మిత్రులకు మా సమాధానము ఇది. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, మద్రాసు గిండీ కళాశాలలో చదివిన రాజ్ రెడ్డిగారు 1994లో ట్యూరింగ్ బహుమానమునకు పాత్రులైరి. వారు ప్రసిద్ధి గాంచినది దేనివలన? మనుష్యుని మాటను యంత్రము గ్రహించునట్లు చేయుటలో వారు మార్గదర్శకులు. అనగా కంప్యూటరు శాస్త్రము తన పెద్ద ప్రశ్నలలో ఒకదానిని భాష వద్దనే వెదుకుకొన్నది. యంత్రము తాను విన్న మాటనే నేర్చుకొనును. వినని మాటను ఎరుగదు. హోసూరు తెలుగు, బళ్ళారి తెలుగు, బరంపురము తెలుగు, సోలాపూరు తెలుగు, 1954 వరకు ఫ్రెంచివారి ఏలుబడిలో నుండిన యానాం తెలుగు, వీనిని యంత్రమునకు వినిపించువారెవరు? హైదరాబాదులోనో విజయవాడలోనో కూర్చున్నవారు తాము వినని పలుకును ఎట్లు వినిపింపగలరు? మనము పూనుకొననిచో, రేపు మన అవ్వ టెలిఫోనులో మాటలాడిన తెలుగును యంత్రము తప్పుగా వ్రాయును. తప్పు అవ్వదే యని మనుమడు నమ్మును. నష్టము అక్కడ మొదలగును.

కృష్ణమూర్తిగారి పర్యవేక్షణలో వ్యవసాయ పదముల కోశము 1962లోను, చేనేత పదముల కోశము 1971లోను వెలువడినవి. ఆంధ్రప్రదేశ్ జిల్లాలలో ఊరూర తిరిగి రైతుల నోట, నేతగాండ్ర నోట విని సేకరించిన మాటలవి. సోలాపూరులో మగ్గమునే నమ్ముకొని తరములు గడపిన మన పద్మశాలి కుటుంబముల పెద్దల నోట నింకను ఎన్ని మాటలు మిగిలియున్నవో! మగ్గము మూలపడినచో దాని భాగముల పేర్లును మూలపడును. ఆ పేర్లు ఎరిగిన పెద్దలు వృద్ధులగుచున్నారు. ఈ సరకు ఒకసారి పోయిన తరువాత ఏ మండీలోను దొరకదు.

"మాది బీద కుటుంబము, పిల్లవానికి త్వరగా ఉద్యోగము రావలెను" అను తండ్రి మాటను మేము తేలికగా తీసివేయుట లేదు. ఆ మాట న్యాయమైనది. ఇంజనీరింగు, వైద్యము చదువు బిడ్డలకు సహాయము ఆపవలెనని మేము కోరుటయు లేదు. కాని పది వేతనములలో రెండింటిని వేరుచేసి, భాషాశాస్త్రము గాని, గణితము, భౌతిక, రసాయన, జీవశాస్త్రములు గాని చదువదలచినవారికి కేటాయించుట వలన ఏ కుటుంబమును పస్తుండదు. అట్టి విద్యాలయములు మనకు దూరమును గావు. బెంగుళూరులో 1909లో వెలసిన విజ్ఞాన సంస్థ యున్నది. మైసూరులో 1969లో నెలకొల్పిన భారతీయ భాషల కేంద్ర సంస్థ యున్నది. బరంపురములో 2016 నుండి శాస్త్ర విద్యకును పరిశోధనకును కేంద్ర ప్రభుత్వ సంస్థయే నడచుచున్నది. వాకిటి ముందు చెరువుండగా కడవ ఎత్తక కూర్చుండుట మనకు తగునా?

కావున మా మనవులు మూడు. మొదటిది, ప్రతి సంఘమును రాబోవు సర్వసభ్య సమావేశమున పైన చెప్పిన రెండు వేతనముల విషయమై తీర్మానము చేయవలెను. రెండవది, కళాశాలలో చదువు ప్రతి విద్యార్థియు సెలవులలో తన ఇంటి పెద్దల యొద్ద కూర్చుండి, వంటకు, వ్యవసాయమునకు, వృత్తికి సంబంధించిన నూరు మాటలను వ్రాసికొని, వారి అనుమతితో వారి కంఠమునే రికార్డు చేసి సంఘమునకు అప్పగించవలెను. ఏ ఊరు, ఎన్ని తరములుగా అచటనున్నారు, ఇంట మరి ఏ భాష మాటలాడుదురు అను వివరములు తప్పక చేర్చవలెను. అవి లేని మాట విలాసము లేని ఉత్తరము వంటిది. మూడవది, అట్లు చేరిన దానిని బీరువాలో దాచక, పరిశోధన చేయు సంస్థలకు మనమే పంపవలెను.

ఖర్చు స్వల్పము, కాలము అంతకన్న స్వల్పము. వృద్ధులు మన కొరకు ఆగి కూర్చుండరు. వచ్చు సమావేశములో ఈ విషయము మొదటి అంశముగా చర్చకు రావలెనని సభ్య మహాశయులను, ముఖ్యముగా సోదరీమణులను, మిక్కిలి వినయముతో కోరుచున్నాము.